సోలార్ లైట్‌కి వెలుగు పెంచొద్దు, ప్యానెల్‌ని మిద్దె ఎక్కించండి

పుల్లకి గుచ్చి నేలలో నాటే చిన్న సోలార్ గార్డెన్ లైట్లు ఉంటాయి కదా, పైన అగ్గిపెట్టెంత ప్యానెల్, కింద ప్లాస్టిక్ బుడ్డి, వాటి గురించి ఈ పోస్ట్. వీటిని ఇంట్లో విప్పి మార్చుకునేవాళ్ళు మనలో బాగానే ఉన్నారు, వీడియోలు కూడా కుప్పలుగా ఉన్నాయి, కానీ నూటికి తొంభై వీడియోలు ఒకటే పాట, వెలుగు ఎట్ల పెంచాలి, రెండింతలు ఎట్ల చేయాలి, పెద్ద బ్యాటరీ ఎట్ల పెట్టాలి. నేనుండేది అనంతపురంలో, ఈ లైట్లు ఇక్కడ ఎట్ల బతుకుతాయి, ఎట్ల చస్తాయి అని ఏళ్ళుగా చూస్తా ఉన్నా కాబట్టి గట్టిగా చెప్తా, మన ఊర్లకి ఆ మార్పు పనికిరాదు. మనకి కావాల్సింది రెండే పనులు. ఒకటి, వెలుగు తగ్గించడం. రెండోది, ప్యానెల్‌ని లైట్ నుంచి విడదీసి ఎండలోకి పంపి, సెల్‌ని నీడలోకి తేవడం. ఇది విని చాలామంది మొహం అదోలా పెడతారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు లోపల ఏముందో చూడండి. వెనక రెండో మూడో చిన్న స్టార్ స్క్రూలు ఉంటాయి, విప్పితే మూత ఊడి వస్తాది, నిజానికి లోపల నాలుగే నాలుగు సామాన్లు. ఒక రీచార్జబుల్ సెల్, 1.2 వోల్టులది. ఒక తెల్ల ఎల్ఈడీ. నాలుగు కాళ్ళున్న నల్ల చిప్, కందిగింజ కంటే కొంచెం పెద్దది, దాని మీద భూతద్దం పెట్టి చూస్తే 8018 అనో 5252 అనో కనిపిస్తాది. ఇంకోటి రెసిస్టర్ లాగా ఉండి రంగుల గీతలు ఉండే ఆకుపచ్చ ముక్క, చాలామంది రెసిస్టర్ అనుకునేది దీన్నే, కానీ అది ఇండక్టర్, అంటే లోపల సన్న తీగ చుట్ట. తెల్ల ఎల్ఈడీ వెలగాలంటే దాదాపు 3 వోల్టులు కావాలి, సెల్ ఇచ్చేది 1.2, మరి ఎట్ల వెలుగుతుంది అంటే, ఆ చిప్ సెకనుకి వేలకి వేల సార్లు ఇండక్టర్‌లోకి కరెంట్ వదిలి టక్కున ఆపేస్తాది, ఆపిన ప్రతిసారీ ఇండక్టర్ ఎదురుతిరిగి వోల్టేజ్‌ని పైకి తంతాది, ఆ తన్నుకి ఎల్ఈడీ వెలుగుతాది. అంత వేగంగా వెలిగి ఆరుతుంటే మన కంటికి ఎడతెగకుండా వెలిగినట్టే ఉంటాది. ఇంక చీకటి పడిందని ఎట్ల తెలుస్తుంది అంటే, దానికి వేరే సెన్సార్ ఏం లేదు, ప్యానెల్లే సెన్సార్. చిప్ ఒక కాలు ప్యానెల్‌కి తగులుకుని ఉంటాది, పగలు ప్యానెల్ నుంచి వోల్టేజ్ వస్తున్నంతసేపు సెల్‌ని చార్జ్ చేస్తాది, ఆ వోల్టేజ్ పడిపోగానే లైట్ వేస్తాది. చేత్తో ప్యానెల్ మూస్తే లైట్ వెలిగేది అందుకే. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేసే సర్క్యూట్ నేను ఇంకోటి చూళ్ళేదు, నాకు దీని మీద నిజంగా గౌరవం.

సరే, వెలుగు పెంచే చిట్కాకి వద్దాం. వాళ్ళు చేసేది ఆ ఇండక్టర్ మార్చడం. ఇండక్టర్ విలువ సగం చేస్తే సెల్ నుంచి లాగే కరెంట్ దాదాపు రెట్టింపు అవుతాది, వెలుగు కూడా పెరుగుతాది, ఇది నిజమే, అబద్ధం ఏమీ లేదు. నా దగ్గర ఉన్న లైట్లలో ఎరుపు ఎరుపు గోధుమ గీతలున్న 220 మైక్రోహెన్రీ ఇండక్టర్ ఉంది, మీటర్ పెట్టి చూస్తే సెల్ నుంచి 30 మిల్లీయాంప్ పైచిలుకు లాగుతోంది. దాని బదులు గోధుమ నలుపు గోధుమ, అంటే 100 మైక్రోహెన్రీ పెడితే అది రెండింతలు దాటుతాది. చూడ్డానికి బాగుంటాది, అవునవును ఎంత తెల్లగా వెలుగుతోందో అంటారు ఇంటికొచ్చినవాళ్ళు. కానీ ఆ కరెంట్ ఎక్కడి నుంచి రావాల? పగలు ప్యానెల్ ఇచ్చిందే కదా రాత్రి ఖర్చయ్యేది. ఆ చిన్న ప్యానెల్ నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు 40 మిల్లీయాంప్ ఇస్తే గొప్ప. మన దగ్గర మంచి ఎండ రోజున, పొద్దునా సాయంత్రం ఉండే పల్చటి ఎండని కూడా కలిపి లెక్కేస్తే, నిండు ఎండతో సమానంగా ఒక అయిదున్నర గంటలు పెట్టుకోవచ్చు. 40 ఇంటూ 5.5 అంటే 220 మిల్లీయాంప్ అవర్. అందులో చార్జింగ్‌లో కొంత వేడిగా పోతాది, రాత్రికి చేతికొచ్చేది 150, మహా అయితే 170. ఇప్పుడు 30 లెక్కన ఖర్చు పెడితే అయిదు గంటలు. 60 పైన లెక్కన ఖర్చు పెడితే రెండున్నర గంటలు. ఏడింటికి వెలిగిన లైట్ తొమ్మిదిన్నరకి ఆరిపోతాది, అప్పటికి వీధిలో జనాలు తిరుగుతానే ఉంటారు, ఇంట్లో ట్యూబ్ లైట్లు వెలుగుతానే ఉంటాయి, దాని అవసరమే ఇంకా మొదలు కాలేదు.

అప్పుడు ఇంకో సలహా వస్తాది, పెద్ద సెల్ వెయ్యండి, 600 ఎంఏహెచ్ (అదే మిల్లీయాంప్ అవర్) సెల్ తీసేసి 2000 ది పెట్టండి అని. బోర్లో వచ్చే నీళ్ళు అన్నే అయినప్పుడు మిద్దె మీద ట్యాంకు రెండు వేల లీటర్లది పెడితే మాత్రం నీళ్ళు పెరుగుతాయా? రోజుకి వచ్చేది 220 అయితే సెల్ ఎంత పెద్దదైనా రాత్రికి వాడుకునేది ఆ 220 లోపే. పెద్ద సెల్ వల్ల లాభం ఎప్పుడంటే ముసురు పట్టిన రోజులకి ముందటి రోజుల మిగులు దాచుకోడానికి, అది కూడా రోజూ కొంత మిగిలితేనే. 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ముసురు రోజులు ఎన్నని.

కాబట్టి నేను చేసేది ఉల్టా. పసుపు ఊదా గోధుమ గీతలుండే 470 మైక్రోహెన్రీ ఇండక్టర్ తెచ్చి వేస్తా. రిపేర్ షాపుల్లో అయిదో పదో రూపాయలకి ఇస్తారు, లేకపోతే చెడిపోయిన చిన్న అడాప్టర్లు, సీఎఫ్ఎల్ బల్బుల బోర్డుల మీద రకరకాలవి దొరుకుతాయి, ఇండక్టర్ విలువ చూపే ఎల్‌సీఆర్ మీటర్లో కొలిచి వాడుకోవచ్చు. అప్పుడు సెల్ నుంచి లాగేది 15 దగ్గరికి వస్తాది. 150 ని 15 తో భాగిస్తే పది గంటలు. తెల్లారిందాకా లైట్ ఉంటాది. వెలుగు సగం అయింది, నిజమే, కానీ ఎవరికోసం?

మా చిన్నాయన చేను గార్లదిన్నె పక్క ఉంది. బోరు స్టార్టర్ డబ్బా దగ్గరికి చీకట్లో పోవాల్సి వచ్చినప్పుడల్లా ఇంట్లో వాళ్ళకి ఒకటే భయం, పురుగూపుట్రా. స్టార్టర్ డబ్బా కింద చల్లగా ఉంటాది, కప్పలు చేరతాయి, కప్పల కోసం పాములు చేరతాయి. ఆడ ఒక లైట్ పెట్టినా, ఈ 470 వేసిందే. మొదట చూసి "ఏంరా ఇది, గుడ్డి దీపం పెట్టినావు, ఇంకొంచెం తెల్లగా పెట్టలేవా" అన్నాడు చిన్నాయన. నేను వాదించలేదు, రాత్రికి చూడు చిన్నాయనా అన్నా అంతే. కన్ను చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడతాది, అట్ల అలవాటు పడిన కంటికి ఆ గుడ్డి దీపమే కావలసినంత వెలుగు, నేల మీద తాడుందో పామో తెలుస్తాది. అదే తెల్లటి లైట్ అయితే దాని కింద రెండడుగులు కనపడి దాని అవతల అంతా కటిక చీకటి, కళ్ళు ఇంక చేనులోకి చూడలేవు. పైగా నీలం తెలుపు కలిసిన వెలుగుకి పురుగులు ఎక్కువ వస్తాయి, తొలకరి పడినాక ఉసిళ్ళు లేస్తే మీకే తెలుస్తాది. అందుకే వీలైతే ఎల్ఈడీ కూడా మార్చి పసుపు పచ్చ వెలుగుండేది వేస్తా, పాత సీరియల్ లైట్ల దండలో నుంచి కోసుకున్నది చాలు. ఇప్పుడు చిన్నాయన దాన్ని తీయనియ్యడు.

ఇంక అసలు విషయం, వేడి. ఇది మన అనంతపురం, కర్నూలు, కడప వాళ్ళు తప్ప ఇంకెవరూ ఇంత గట్టిగా చెప్పరు అనుకుంటా. ఈ లైట్ల తయారీ చూడండి, పైన నల్ల ప్యానెల్, దానికి అంటుకుని నల్ల ప్లాస్టిక్ డబ్బా, ఆ డబ్బాలో ప్యానెల్‌కి సరిగ్గా అరంగుళం కింద సెల్. చల్లటి దేశంలో పచ్చగడ్డి మధ్యలో పెట్టుకోడానికి ఇది బాగానే ఉంటాది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలోనో కర్నూలులోనో 42, 43 డిగ్రీలు నీడలో ఉన్నప్పుడు మిద్దె మీద ఆ నల్ల డబ్బా లోపల ఎంతుంటుందో ఒకసారి వేలు పెట్టి చూడండి, సెల్ పట్టుకోలేరు. ఈ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్‌కి ఒక స్వభావం ఉంది, 45 డిగ్రీలు దాటితే చార్జ్ సరిగ్గా తీసుకోవు, ఇచ్చిన కరెంట్‌లో ఎక్కువ భాగం ఇంకా వేడి అయి పోతాది, లోపల ఉన్న తడి మెల్లగా ఆరిపోయి ఆయుష్షు తగ్గిపోతాది. అంటే మనకి ఎండ ఎక్కువ ఉన్న రోజుల్లోనే సెల్ తక్కువ తీసుకుంటుంది. జనం ఏమనుకుంటారు, లైట్ చెడిపోయింది, చైనా మాల్ ఇంతే అని చెత్తలో వేస్తారు. ఆ చెత్తలో పోయిన వాటిలో ప్యానెల్ బాగుంటాది, చిప్ బాగుంటాది, ఎల్ఈడీ బాగుంటాది, చచ్చింది సెల్ ఒక్కటే. మా వీధిలో వాళ్ళు పడేసినవి తెచ్చి చూస్తే ఎక్కువ భాగం కథ ఇదే.

చూసుకోవడం కూడా తేలిక. చెడింది అనుకున్న లైట్‌లో సెల్ తీసి, గోడ గడియారంలో వేసే మామూలు సెల్ ఒక్క నిమిషం పెట్టి, ప్యానెల్‌ని చేత్తో మూయండి. వెలిగిందా, మీ లైట్ బతికే ఉంది, సెల్ మారిస్తే చాలు. ఆ గడియారం సెల్ మాత్రం వెంటనే తీసేయండి, అది చార్జ్ చేసే రకం కాదు, ఎండలో పెడితే కారి లోపలంతా పాడుచేస్తాది.

అందుకే విడదీయమనేది. ప్యానెల్‌ని డబ్బా నుంచి ఊడదీసి, దాని రెండు వైర్లకి పొడుగు వైర్లు అతికి, ప్యానెల్ మిద్దె మీద, మిగతాది కింద నీడలో. ఇంత దూరం వైర్ లాగితే కరెంట్ పోదా అని అందరూ అడుగుతారు. లెక్క చెప్తా. పాత ల్యాన్ కేబుల్‌లో ఉండే సన్న రాగి తీగ తీసుకోండి, పది మీటర్ల దూరానికి పోనూ రానూ ఇరవై మీటర్ల తీగ, దాని రెసిస్టెన్స్ 2 ఓమ్స్ లోపే. అందులో 40 మిల్లీయాంప్ పోతే పడిపోయే వోల్టేజ్ 0.08 కూడా దాటదు. ప్యానెల్ 2 వోల్టులు ఇస్తాది, సెల్‌కి కావాల్సింది ఒకటిన్నర లోపు, కాబట్టి ఏ దిగులూ లేదు. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా రెండు రంగుల తీగలు వాడితే సరి. అతికిన చోట టేప్ చుట్టి వదిలేయొద్దు, మిద్దె వేడికి టేప్ జిగురు కారిపోయి ఊడొస్తాది, గ్లూ గన్ జిగురు కూడా మెత్తబడతాది. సిలికాన్ సీలెంట్ గానీ ఎంసీల్ గానీ వాడండి.

ఇట్ల చేయగానే ఈ లైట్ ఎక్కడెక్కడ పనికొస్తుందో చూడండి. మనలో తోటలున్న ఇళ్ళు ఎన్ని? మా అనంతపురం పాతూరులో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, గడ్డి అనేదే లేదు. కానీ ప్రతి ఇంట్లో పట్టపగలు కూడా చీకటిగా ఉండే మెట్లు ఉన్నాయి, మెట్ల కింద బాత్రూం ఉంది, కొళాయి గుంత ఉంది. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాత్రి లేచి మెట్ల మలుపు దగ్గర స్విచ్ కోసం గోడ తడుముకుంటా ఉండేది. ఇప్పుడు ఆ మలుపులో అమ్మ మోకాలి ఎత్తున ఒక లైట్ ఉంది, దాని ప్యానెల్ మిద్దె పిట్టగోడ మీద. వెలుగు మెట్టు అంచు మీదే పడేట్టు పెట్టినా, కంట్లో పడదు. కరెంట్ పోయినా అది వెలుగుతానే ఉంటాది, అదే అమ్మకి అన్నిటికంటే నచ్చింది. మా అత్త ఇంట్లో తులసికోట దగ్గర కూడా ఇట్లాగే పెట్టిచ్చినా.

టౌన్లో ఉండేవాళ్ళకి ఇంకో కారణం కూడా ఉంది. కాలనీల్లో తెల్ల ఎల్ఈడీ వీధిలైట్లు పడినాక గేటు దగ్గర పెట్టిన సోలార్ లైట్లు వెలగడం లేదు అని చాలామంది అంటున్నారు. ఎందుకంటే పైన చెప్పినా కదా, ప్యానెల్లే సెన్సార్. వీధిలైట్ దాని మీద పడితే ఇంకా పగలే అనుకుంటుంది. ప్యానెల్‌ని వీధిలైట్ ఎత్తుకి పైన మిద్దె మీదకి తీసుకుపోతే ఆ గొడవ తీరిపోతాది.

మిద్దె మీద ప్యానెల్‌ని దక్షిణం వైపుకి కొంచెం వాల్చండి. అనంతపురం, కడప 14 డిగ్రీల పైన, కర్నూలు 16 కి కొంచెం తక్కువ అక్షాంశంలో ఉన్నాయి కాబట్టి 15 డిగ్రీల వాలు మూడు ఊర్లకీ సరిపోతాది, ఒక వైపు చిన్న రాయి ముక్క పెడితే అయిపోయె. ఆ వాలు వల్ల దుమ్ము కూడా నిలవదు. ఎర్ర దుమ్ము మాత్రం మన శత్రువు, గాలికాలంలో వారానికోసారి తడి గుడ్డతో తుడవాల్సిందే. ఇంకోటి, ఈ చవక ప్యానెల్స్ మీద అద్దం ఉండదు, జిగురు పూత ఉంటాది, ఒకటి రెండు ఎండాకాలాలకి అది పాలు పోసినట్టు తెల్లబడిపోతాది. పడేయొద్దు. సన్న నంబర్ నీటి పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, నీళ్ళు పోస్తా, మెల్లగా రుద్దండి, పైన తెల్లపొర పోతాది, ఆరినాక రంగు లేని నెయిల్ పాలిష్ పల్చగా రెండు పూతలు వేయండి. నల్లగా మెరుస్తా బయటపడుతుంది కింద ఉన్న సోలార్ సెల్. ఈ పని పిల్లలకి ఇవ్వండి, భలే ఇష్టంగా చేస్తారు, చేసినాక మీటర్ పెట్టి ముందెంత తర్వాతెంత అని వాళ్ళతోనే చూపించండి.

వెలుగు కావాల్సిందే, పెళ్ళిచూపులు ఉన్నాయి, అలంకారం కావాలి అనేవాళ్ళకి కూడా దారి ఉంది. ముందే ఇండక్టర్ జోలికి పోకుండా, మొదట చచ్చిన ఇంకో లైట్ ప్యానెల్ తెచ్చి దీని ప్యానెల్‌కి ప్యారలల్‌గా కలపండి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. ఆదాయం రెట్టింపు అయినాక తక్కువ విలువ ఇండక్టర్ వేసి ఖర్చు పెంచుకోవచ్చు. అప్పుడు మాత్రం పెద్ద సెల్ వేయాలి, ఎందుకంటే ఈ చిప్‌కి సెల్ నిండింది ఇంక చాలు అని ఆపే తెలివి లేదు. సెల్ సామర్థ్యంలో పదో వంతు కరెంట్ వరకు ఈ రకం సెల్స్ ఓర్చుకుంటాయి, 600 ఎంఏహెచ్‌కి 60 మిల్లీయాంప్. రెండు ప్యానెల్స్ 80 ఇస్తుంటే 1000 దాటిన సెల్ ఉంటేనే నిశ్చింత. లిథియం సెల్స్ మాత్రం దీంట్లో పెట్టొద్దు. సైజ్ ఒకటేలా ఉన్నా వాటి వోల్టేజ్ 3.2 గానీ 3.7 గానీ, ఈ సర్క్యూట్ వాటికి కాదు, ఇంక మన ఎండలో వాటితో ప్రయోగాలు అసలే వద్దు.

వంద రూపాయల లైట్‌కి ఇంత అవసరమా, పోతే ఇంకోటి కొనుక్కుంటాం అంటారు కొంతమంది. నేను ఈ మాటకి అస్సలు ఒప్పుకోను. వందకి కొన్నదాంట్లో పాడయ్యేది ఒక్క సెల్, మిగతాదంతా ఇంకా చాలా ఏళ్ళు పనిచేసేదే, దాన్నంతా మట్టిలో కలపడం ఏం లెక్క? పాత రకం లైట్లలో ఉండే సెల్స్ మీద నికెల్ కాడ్మియం అని ఉంటాది, ఆ కాడ్మియం విషం, చెత్తకుప్పలో కాలిస్తే గాలిలోకి, వదిలేస్తే నీళ్ళలోకి పోతాది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వాడేసిన సెల్స్ వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసేవాళ్ళది, దిగుమతి చేసుకునేవాళ్ళది. కర్నూలు దగ్గర గని, శకునాల ఊర్ల పక్కన 1000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది, ఎన్పీకుంటలో ఇంకోటి, కడప జిల్లా మైలవరంలో ఇంకోటి. ఇంత ఎండ ఉందనే కదా దేశమంతా మన దగ్గరికి వచ్చి ప్యానెల్స్ వేస్తున్నది. అలాంటి చోట అరచేతిలో పట్టే ప్యానెల్‌ని బాగుండగానే పారేయడం నాకు మనసొప్పదు.

ఇంక షాపుల వాళ్ళని ఒకటి అడగాలి. ఈ లైట్లు పెట్టి అమ్మే షాపులు ఊర్లో బోలెడు ఉన్నాయి, వాటికి సరిపోయే సెల్ మాత్రం ఒక్క షాపులో కూడా పక్కన పెట్టరు. అడిగితే "అది రాదు సార్, కొత్తది తీసుకోండి" అంటారు. 600 ఎంఏహెచ్ రీచార్జబుల్ సెల్ 60, 70 రూపాయలకి వస్తాది, కార్డ్‌లెస్ ఫోన్ల రోజుల్లో ప్రతి షాపులో ఉండేది. లైట్ల డబ్బా పక్కనే ఈ సెల్స్ ఒక పది పెట్టండి, కొన్నవాళ్ళకి ఎండాకాలం పోయినాక వచ్చి సెల్ మార్చుకోమని చెప్పండి, పాతది మీరే తీసుకుని పక్కన దాచండి. కొనేవాళ్ళు కూడా కొనేముందు తిప్పి చూడండి, వెనక స్క్రూ ఉందా, సెల్ ఊడొచ్చేట్టు ఉందా, లేక ప్లాస్టిక్ అతికేసి టంకం పెట్టేసినాడా. అతికేసింది అయితే యాభై రూపాయలకి ఇచ్చినా తీసుకోవద్దు.